1978 పద్మినికి ఏసీ: డ్యాష్‌బోర్డు కోయకుండా పెట్టించుకోవచ్చా?

తిరుపతి_పద్మిని:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. మా నాయన కొన్న 1978 ప్రీమియర్ పద్మిని మా దగ్గరే ఉంది. తెల్ల రంగు, స్టీరింగ్ కింద గేరు, ముందు బెంచి సీటు, ఛార్జింగ్‌కి ఇంకా డైనమోనే. ఇంజను బోర్ చేయించి, పిస్టన్లు మార్పించాక బండి చక్కగా తిరుగుతోంది. నాయన పోయాక దాన్ని అమ్మేయమని చాలామంది అడిగారు. అమ్మే ఉద్దేశం లేదు.

విషయం ఏమిటంటే, అమ్మకు డెబ్బై దాటాయి. తిరుచానూరు గుడికైనా, కాణిపాకానికైనా, నగరి దగ్గర మా పెద్దమ్మ ఊరికైనా ఈ బండిలోనే పోదాం అంటుంది. నాయన పక్కన కూర్చుని తిరిగిన సీటు కదా, ఆమెకు అదే కావాలి. కానీ మార్చి మధ్య నుంచి జూన్ దాకా ఆమెను ఇందులో ఎక్కించాలంటే నాకు భయం. మన ఎండలు తెలిసిందే, 40 దాటిన రోజు పుత్తూరు దాటేసరికి పైరేకు చెయ్యి పెట్టలేనట్టు కాలుతుంది. బీపీ మనిషి. ఎండలో తిప్పొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. అందుకే ఏసీ పెట్టించాలని ఉంది.

ఇక్కడ రెండు మూడు చోట్ల అడిగాను. ఒకాయన డ్యాష్ కోసి మారుతి యూనిట్ లోపల కూర్చోబెడతానన్నాడు. ఆ రేకు మీద రంపం పెట్టడం నాకు ఇష్టం లేదు. ఇంకొకాయన పాత అంబాసిడర్‌లోంచి తీసిన యూనిట్ ఉంది, ఒక్కరోజులో బిగించి గ్యాస్ నింపి ఇస్తానన్నాడు, రేటు మరీ తక్కువ. మూడో ఆయన ఈ ఇంజను ఏసీని లాగదు, ఇంజనే మార్చుకోండి అన్నాడు.

1089 సీసీ ఇంజను ఏసీని నిజంగా లాగదా? డైనమో సరిపోతుందా? ఇప్పటికే ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది, ఏసీ పెడితే ఏమవుతుందోనని టెన్షన్. అరవై, డెబ్బై వేల వరకు ఖర్చు పెట్టగలను. చేసినవాళ్లు, చేయించుకున్నవాళ్లు చెప్పండి.


ఒరిజినల్_ఫియట్:

బ్రదర్, నా మాట వినండి, పెట్టించకండి. ఇన్నేళ్లు కాపాడిన బండి. ఇంకొంచెం ఆగితే 50 ఏళ్లు నిండుతాయి, అప్పుడు వింటేజ్ కింద వీఏ సిరీస్ నంబరు తీసుకోవచ్చు. 2021లో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉంటేనే ఇస్తారు. కంప్రెసర్, కండెన్సర్, పైపులు అన్నీ వేలాడదీశాక ముందున్న అందం పోతుంది. అమ్మగారిని ఎండాకాలం వేరే కారులో తీసుకెళ్లండి, దీన్ని డిసెంబరు, జనవరిలో తీయండి.


గ్రీమ్స్‌పేట_కూలింగ్:

తిరుపతి తమ్ముడూ, నేను చిత్తూరులో కారు ఏసీ పని చేస్తాను. అంబాసిడర్లకు, ఫియట్లకు డ్యాష్ కింద వేలాడే యూనిట్లు బిగించే రోజుల్లో పని నేర్చుకున్నవాడిని. మీ బండికి ఏసీ పెట్టొచ్చు. డ్యాష్ కోయాల్సిన పని లేదు, ఇంజను మార్చాల్సిన పని అసలే లేదు. కాకపోతే మీరు ఏసీ గురించి అడిగారు, నేను ముందు రేడియేటర్ గురించి చెబుతాను. ఓపికగా చదవండి.

ముందు వీఏ సంగతి తేల్చేద్దాం. ఆ నంబరు తీసుకున్న బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించడానికి, రిపేరుకు మాత్రమే రోడ్డు మీదికి తీయాలి. అమ్మగారిని కాణిపాకం తీసుకెళ్లడానికి అది పనికిరాదు. తిప్పుకోవడానికి ఉంచుకున్న బండి మామూలు రిజిస్ట్రేషన్‌లోనే ఉండాలి. రేపు మీ పిల్లలు ఒరిజినల్‌గా చేసుకోవాలంటే బోల్టులు విప్పితే అన్నీ ఊడివచ్చేలా పని చేయించండి, అంతే. మంచి పనివాడు బాడీకి కొత్త రంధ్రం పెట్టడానికి ముందు పది సార్లు ఆలోచిస్తాడు.

ఇంజను లాగుతుందా అంటే, లాగుతుంది. మారుతి 800 ఇంజను 796 సీసీ, దాని బలం 40 హార్స్‌పవర్ లోపే. అది దేశమంతా ఏసీతో తిరిగింది. ముంబైలో నీలం రంగు ఏసీ టాక్సీలు, కూల్ క్యాబ్‌లు చూసే ఉంటారు, వాటిలో పద్మినిలూ ఉండేవి. ఆ ఊళ్లో ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో ఆగిపోయింది గానీ, ఏసీ లాగలేక కాదు, టాక్సీకి 20 ఏళ్ల వయసు పరిమితి ఉన్నందువల్ల. ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ చిన్నది పెట్టుకోవాలి, అదొక్కటే షరతు. పెద్ద బండ్ల కంప్రెసర్ చవగ్గా దొరికిందని తెచ్చి బిగిస్తే ఇంజను మూలుగుతుంది. మారుతి 800 సైజు కంప్రెసర్ మీ బండికి చాలు. అది ఆడుతున్నప్పుడు మూడు నాలుగు హార్స్‌పవర్ తింటుంది. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ తేడా మీ కాలికి తెలుస్తుంది. యాక్సిలరేటర్ పెడల్ కింద చిన్న స్విచ్ పెడితే, పూర్తిగా తొక్కిన ఆ కాసేపు కంప్రెసర్‌కి కరెంటు తెగిపోతుంది, మళ్లీ కలుస్తుంది. పెద్ద ఖర్చు కాదు, తప్పకుండా పెట్టించండి.

ఇప్పుడు రేడియేటర్. మీ బండి ముల్లు ఏసీ లేకుండానే పైకి పోతోందని మీరే రాశారు. మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట అదే. కండెన్సర్‌ని రేడియేటర్‌కి ముందు బిగిస్తాం. అంటే లోపల అమ్మగారి దగ్గర నుంచి తీసిన వేడి అంతా కండెన్సర్‌లోంచి గాలిలో కలిసి, అదే వేడి గాలి రేడియేటర్ మీదికి వస్తుంది. ఇప్పటికే ఆయాసపడుతున్న రేడియేటర్ ముందు ఇంకో పొయ్యి పెట్టినట్టే. కాబట్టి ఏసీ సామాన్లకు ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందు మండుటెండలో, ట్రాఫిక్‌లో పావుగంట ఐడిల్‌లో (బండి ఆగి, ఇంజను మాత్రం ఆడుతూ) ఉంచినా ముల్లు మధ్యలోనే నిలబడే స్థితికి ఇంజనును తెచ్చుకోవాలి.

మన వైపు రేడియేటర్లు పాడయ్యేది ఎక్కువగా బోరు నీళ్ల వల్లే. ట్యాంకు విప్పి చూస్తే రాగి ట్యూబుల మూతి దగ్గర తెల్లటి ఉప్పు గట్టిగా పేరుకుని ఉంటుంది. కొన్ని ట్యూబుల్లో గుండుసూది కూడా దూరదు. పైనుంచి నీళ్లు పోస్తే కిందికి కారుతున్నాయి కదా, బాగానే ఉంది అంటారు. సగం ట్యూబులు మూసుకున్నా నీళ్లు కారతాయి, వేడి మాత్రం దిగదు. రాడ్డింగ్‌తో (ట్యూబుల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) సరిపెట్టుకోవద్దు, రీకోర్ (లోపలి ట్యూబుల భాగమే కొత్తది వేయడం) చేయించండి. ఇప్పుడున్న కోర్ కంటే ఒక వరస ట్యూబులు ఎక్కువ వేయమనండి. పై ట్యాంకు, కింది ట్యాంకు ఇత్తడివి మీవే ఉంచుకోవచ్చు, బయటికి ఏ తేడా కనపడదు. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ తప్ప ఇంకేమీ పోయకండి.

ఇంకొకటి, థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజను వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌లోకి వదిలేది) ఉందో లేదో చూడండి. బండి వేడెక్కుతోందంటే మన దగ్గర చాలామంది ముందు దాన్ని పీకి పడేస్తారు. వాల్వ్ పీకేస్తే వేడెక్కడానికి అసలు కారణం పోదు, పైగా ఇంజను సరైన వేడికి రావడానికి ఎక్కువ టైము పడుతుంది. కొత్తది వేయించండి. రేడియేటర్ మూత స్ప్రింగు వదులైతే కూడా నీళ్లు తొందరగా మరుగుతాయి, కాబట్టి మూత కూడా కొత్తదే. ఫ్యాన్ చుట్టూ రేకు తొడుగు లేకపోతే చేయించండి. ఫ్యాను గాలిని ఇంజను గదిలోంచే తిప్పి తిప్పి లాగకుండా రేడియేటర్ మొత్తంలోంచి లాగేలా చేసేది ఆ తొడుగే.

ఇవన్నీ అయ్యాక కండెన్సర్ ముందు ఒక ఎలక్ట్రిక్ ఫ్యాను. మీ ఇంజను ఫ్యానుకి, రేడియేటర్‌కి మధ్య చోటు తక్కువ కాబట్టి ముందు నుంచి గాలి తోసే రకం ఫ్యాను తీసుకోవాలి. కండెన్సర్ పారలల్ ఫ్లో రకమే తీసుకోండి, పాత పాము మెలికల రకం వద్దు. గ్రిల్ వెనకాల పట్టేంత పెద్దది పెట్టండి. సైజు దగ్గర పీనాసితనం చేస్తే మే నెలలో తెలుస్తుంది.

డైనమో గురించి చెబుతాను. అది ఇచ్చేది 20 ఆంపియర్ల చుట్టే, అది కూడా బండి వేగంగా పోతున్నప్పుడు. ఐడిల్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. లోపల బ్లోయర్ ఫుల్ స్పీడులో 8, 10 ఆంపియర్లు, కంప్రెసర్ క్లచ్ (కంప్రెసర్‌ని పుల్లీకి కలిపేది) 4, కండెన్సర్ ఫ్యాను ఇంకో 8, 10. హెడ్‌లైట్లు వేసి, వైపర్ తిప్పితే మొత్తం 40 దగ్గరికి పోతుంది. లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడినప్పుడు ఇదంతా బ్యాటరీ మీదే పడుతుంది. నాలుగు సిగ్నళ్లు దాటాక హారన్ మోగదు. అందుకని ఆల్టర్నేటర్ తప్పదు. 60, 65 ఆంపియర్లది చూసుకోండి, ఎందుకంటే ఐడిల్‌లో దానిలో సగమే వస్తుంది. డైనమోని, దాని కటౌట్‌ని (ఛార్జింగ్‌ని అదుపు చేసే డబ్బా) గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి, పారేయొద్దు.

ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి కొత్తగా మందపాటి కేబుల్ వేయాలి. ఆ పాత వైరింగు 20 ఆంపియర్లకు కట్టింది, 60కి కాదు. ఏసీ కరెంటు మీ ఫ్యూజు బాక్సులోని పాత సిరామిక్ ఫ్యూజుల నుంచి లాగనివ్వకండి. బ్యాటరీ నుంచి నేరుగా విడి ఫ్యూజు, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు), అక్కడి నుంచి ఫ్యానుకి, బ్లోయర్‌కి. కార్లు తగలబడ్డాయని వార్తలు వస్తుంటాయి చూడండి, రిలే లేకుండా స్విచ్చులోంచే కరెంటు లాగిన పని అలాంటి వాటికి దారి తీస్తుంది.

డ్యాష్ కోయకుండా ఎలా అంటే, మీ గేరు స్టీరింగ్ కింద ఉంది, మధ్యలో నేల ఖాళీ. అది మీ అదృష్టం. డ్యాష్ కింద వేలాడే యూనిట్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి, గాలిని చల్లబరిచే ఎవాపరేటర్, గాలి తోసే బ్లోయర్, గ్యాస్‌ని కొద్దికొద్దిగా వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఒకే డబ్బాలో ఉంటాయి. డ్యాష్ వెనకాల ఉన్న బోల్టులకే పట్టీ తయారు చేసి తగిలించవచ్చు. కొనేముందు అట్టపెట్టెతో అదే సైజు డబ్బా చేసి అక్కడ కట్టి, అమ్మగారిని ఎక్కించి, దింపి చూడండి. పెద్దవాళ్లకు మోకాలు తగిలితే ఎంత చల్లగా ఉన్నా ఎక్కబుద్ధి కాదు.

సెకండ్ హ్యాండ్ అంబాసిడర్ యూనిట్ మాత్రం వద్దు. అది R12 అనే పాత ఏసీ గ్యాస్ కాలం సామాను. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం 1987లో కుదిరాక ప్రపంచమంతా ఆ గ్యాస్ ఆపేస్తూ వచ్చింది, మన దేశంలో తయారీ 2008లో ఆగిపోయింది. ఇప్పుడు నింపేది R134a. దీనికి ఆయిల్ వేరు, ఓ రింగులు వేరు, హోస్ పైపులు వేరు. పాత రబ్బరు పైపుల గోడల్లోంచే ఈ గ్యాస్ కొంచెం కొంచెం బయటికి పోతుంది, లోపల నైలాన్ పొర ఉన్న బ్యారియర్ హోస్ కావాలి. ఆ ఒక్కరోజు పనివాడు ఈ ఉగాదికి నింపితే వచ్చే ఉగాది లోపలే మళ్లీ నింపించుకోవాలి.


తిరుపతి_పద్మిని:

అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. చాలా థ్యాంక్స్. ఈరోజు పొద్దున్నే బానెట్ ఎత్తి చూశాను. థర్మోస్టాట్ లేదు, ఖాళీ గొట్టమే ఉంది. ఫ్యానుకి రేకు తొడుగు కూడా లేదు. రేడియేటర్ మూత తీస్తే లోపల తెల్లగా పేరుకుని ఉంది, మీరు చెప్పినట్టే.

ఇంకా కొన్ని అనుమానాలు. కంప్రెసర్‌కి బెల్టు ఎక్కడి నుంచి తీసుకోవాలి? క్రాంక్ పుల్లీకి ఒక్కటే గాడి ఉంది, అది డైనమోకి, వాటర్ పంపుకి పోతుంది. ఐడిల్‌లో కంప్రెసర్ కలిసినప్పుడు ఇంజను ఆగిపోదా? కిటికీలకు కూలింగ్ ఫిల్మ్ అంటించొచ్చా? ఆర్టీఓకి ఏమైనా రాసివ్వాలా?


వోల్ట్_రేణిగుంట:

ఇంత కష్టం ఎందుకు బ్రో? ఇప్పుడు 12 వోల్టుల ఎలక్ట్రిక్ ఏసీలు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. కంప్రెసర్ బ్యాటరీ మీద నడుస్తుంది. బెల్టు అక్కర్లేదు, పుల్లీ అక్కర్లేదు, ఇంజను మీద లోడు పడదు. డిక్కీలో పెట్టేసుకోవచ్చు.


గ్రీమ్స్‌పేట_కూలింగ్:

రేణిగుంట తమ్ముడూ, ఆ ఎలక్ట్రిక్ యూనిట్లు ఆగి ఉన్న లారీ క్యాబిన్లలో డ్రైవర్లు పడుకోవడానికి పెట్టుకునే రకం. పూర్తిగా ఆడితే 60, 70 ఆంపియర్లు లాగుతాయి. ఆ కరెంటు ఎక్కడి నుంచి రావాలి? ఆల్టర్నేటర్ నుంచే. ఆల్టర్నేటర్‌ని తిప్పేది ఇంజనే. లోడు తగ్గదు, దారి మారుతుంది, మధ్యలో నష్టం ఇంకా పెరుగుతుంది. పద్మినికి అది పనికిరాదు.

ఇక పుల్లీ. రెండు గాడుల క్రాంక్ పుల్లీ కావాలి. మద్రాసు పుదుపేటలో గాని, బెంగళూరు జేసీ రోడ్డు వైపు గాని పాత ఫియట్ సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర వెతకండి. దొరక్కపోతే మీ పుల్లీ ముందు బిగించేలా ఇంకో గాడి పుల్లీని లేతులో తిప్పించుకోవచ్చు. లేతు పని తెలిసినవాడి దగ్గరే చేయించండి. వెంట్రుకవాసి ఒకపక్కకు తిరిగినా వణుకు వస్తుంది, బెల్టు నెలకొకటి తెగుతుంది.

కంప్రెసర్ బ్రాకెట్ గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బయట నుంచి చేతులు మారి నా దగ్గరికొచ్చే బండ్లలో సగం ఇక్కడే దెబ్బతిని వస్తాయి. బ్రాకెట్ ఇంజను బ్లాకుకే బిగించాలి. బాడీకో, ఛాసిస్‌కో బిగిస్తే ఇంజను రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, కంప్రెసర్ ఊగదు, బెల్టు లాగుతూ వదులుతూ ఉంటుంది. ప్లేటు మందం 8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. పలచటి యాంగిల్ ముక్కలకు వెల్డింగ్ కొట్టి తెస్తే ఒప్పుకోకండి, నాలుగు నెలలకు వెల్డింగ్ పక్కనే చీలిక వస్తుంది. బిగించాక పొడవాటి స్టీలు స్కేలు క్రాంక్ పుల్లీ ముఖం మీద ఆనించి కంప్రెసర్ పుల్లీ దాకా చూడండి, రెండూ ఒకే గీతలో ఉండాలి. మధ్యలో బొటనవేలితో నొక్కితే బెల్టు అర అంగుళం దిగాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి వీలైనంత దూరంగా పెట్టించండి, పైపులు కూడా దాని పక్క నుంచి పోకూడదు.

ఐడిల్ సంగతి సరిగ్గా అడిగారు. ఏమీ చేయకపోతే ఆగిపోతుంది. కార్బురేటర్ లింకేజికి ఒక వాక్యూమ్ డయాఫ్రమ్ పెట్టి దానికి చిన్న సోలెనాయిడ్ వాల్వ్ కలుపుతారు. కంప్రెసర్ క్లచ్‌కి కరెంటు పోగానే అది థ్రాటిల్‌ని కొద్దిగా తెరుస్తుంది. ఏసీ వేసి, ఫ్యాన్లన్నీ ఆడుతున్నప్పుడు ఐడిల్ 900 దగ్గర నిలబడాలి. కొందరు ఐడిల్ స్క్రూని తిప్పి శాశ్వతంగా పెంచేస్తారు. అలా చేస్తే ఏసీ లేనప్పుడు బండి అరుస్తుంది, పెట్రోలు తాగుతుంది.

ఫిల్మ్ జోలికి పోవద్దు. 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి పోలీసులు ఆపి పీకించడం చూస్తూనే ఉన్నాం. దానికంటే బండిని బిగుతుగా చేయించండి. తలుపుల బీడింగు రబ్బర్లన్నీ కొత్తవి, ముందు క్వార్టర్ గ్లాసుల రబ్బర్లు మరీ ముఖ్యం, పద్మినిలో చల్లగాలి ముందు పారిపోయేది అక్కడి నుంచే. పైరేకుకి లోపల, ఇంజనుకి క్యాబిన్‌కి మధ్యనున్న రేకుకి, గేర్‌బాక్స్ పైన నేలకి హీట్ ఇన్సులేషన్ షీటు వేయించండి. పెడళ్ల దగ్గర, స్టీరింగ్ రాడ్ దగ్గర, వైర్లు దూరే చోట ఉన్న రంధ్రాలన్నీ గ్రోమెట్లతో మూయించండి. ఇది రెండు రోజుల పని, చూడ్డానికి ఏమీ కనపడదు గాని ఏసీ సగం బలం ఇక్కడే ఉంది.

ఆర్టీఓ దగ్గర ఏసీకి విడిగా రాయించేది లేదు, ఆర్సీలో ఉన్న వివరాలేవీ మారవు. ఇంజను మార్చితే మాత్రం అనుమతి కావాలి. మూడో ఆయన మాట వినకపోవడానికి ఇది ఇంకో కారణం. ఇన్సూరెన్సువాళ్లకు మాత్రం అదనంగా పెట్టిన ఎలక్ట్రికల్ ఫిట్టింగ్ అని బిల్లుతో చెప్పి పాలసీలో ఎక్కించండి, ఐఎంటీ 24 అని ఒక క్లాజు ఉంటుంది. ఎక్కించకపోతే రేపు ఏమైనా జరిగినప్పుడు దాని విలువ రాదు.


మార్క్2_పలమనేరు:

మాది 1966 మార్క్ 2 అంబాసిడర్. ఏసీ పెట్టించి తిప్పుతున్నాం, కాబట్టి రెండు మాటలు. గ్రీమ్స్‌పేట అన్న చెప్పినవన్నీ నిజం. మా బండి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ తీగ బాడీకి పోతుంది. అలాంటి బండికి కళ్లు మూసుకుని ఆల్టర్నేటర్ కలిపితే డయోడ్లు ఒక్క క్షణంలో కాలిపోతాయి. ముందు బండిని నెగెటివ్ ఎర్త్‌కి మార్పించాం. పద్మినికి ఆ బాధ లేదు, అది నెగెటివ్ ఎర్తే. కానీ ఇది చదివే అంబాసిడర్ వాళ్లు బ్యాటరీలో ఏ తీగ బాడీకి పోతోందో చూసుకున్నాకే ముందుకు పోండి.

రెండోది ఘాట్. మేము చిత్తూరు నుంచి ఇంటికి వచ్చేటప్పుడు మొగిలి ఘాట్ మొదలవగానే ఏసీ ఆపేస్తాం, బ్లోయర్ మాత్రం ఆడుతుంది. ఎవాపరేటర్ చల్లగా ఉంటుంది కాబట్టి కాసేపు గాలి చల్లగానే వస్తుంది. ఎక్కాక మళ్లీ వేస్తాం. తిరుపతి తమ్ముడు మదనపల్లె వైపు పోతే భాకరాపేట ఘాట్‌లో ఇదే పద్ధతి పాటించాలి. నగరి, పుత్తూరు రోడ్డులో అలాంటి పెద్ద ఘాట్ లేదు కాబట్టి ఇబ్బంది లేదు.

ఇంకో మాట, ఎవాపరేటర్ నీళ్లు కారే పైపుకి వాలు బాగా ఉండాలి. నేలలో ఇప్పటికే ఉన్న రబ్బరు బిరడా రంధ్రంలోంచి బయటికి వదలండి. మా మొదటి ఫిట్టింగ్‌లో పైపు మడత పడి నీళ్లన్నీ మ్యాటు కిందికి పోయేవి. ఆ కాలం బండ్ల నేల రేకు తుప్పుకి ఎదురు చూస్తుంటుంది.


తిరుపతి_పద్మిని:

అన్నలిద్దరికీ నమస్కారం. ముందు రేడియేటర్ రీకోర్, థర్మోస్టాట్, తొడుగు, ఆల్టర్నేటర్ చేయిస్తాను. ఆ తర్వాత రబ్బర్లు. అవన్నీ అయ్యాక బండిని చిత్తూరు తీసుకొస్తాను, గ్రీమ్స్‌పేట అన్న చేతి మీదుగానే ఏసీ బిగించాలి. ఒకవేళ మీకు తీరిక లేక ఇక్కడే ఎవరితోనైనా చేయించాల్సి వస్తే, గ్యాస్ నింపే రోజు నేను పక్కన నిలబడి ఏం చూడాలి?


గ్రీమ్స్‌పేట_కూలింగ్:

రండి తమ్ముడూ, తప్పకుండా. అమ్మగారిని కూడా తీసుకురండి, దగ్గరే కాణిపాకం, పని అయ్యేలోపు దర్శనం చేసుకుని రావచ్చు.

గ్యాస్ రోజు సంగతి ఎవరి దగ్గర చేయించినా ఒకటే. రిసీవర్ డ్రయర్ కొత్తది, దాని రెండు మూతులకు ప్లాస్టిక్ బిరడాలు అలాగే ఉండాలి. అన్ని పైపులూ బిగించాక చివరగా, వాక్యూమ్ పెట్టే ముందు మాత్రమే ఆ బిరడాలు తీయాలి. లోపల తేమ పీల్చే గుళికలు ఉంటాయి. మూత తీసి అరగంట బెంచీ మీద పెడితే షాపులోని తేమనే పీల్చుకుని నిండిపోతాయి, ఇక మీ సిస్టమ్‌లో తేమకు చోటుండదు. డ్రయర్ నిటారుగా బిగించారో లేదో చూడండి. ఓ రింగులు కొత్తవి కావాలి, R134a కోసం అమ్మేవి చాలావరకు ఆకుపచ్చగా ఉంటాయి. ప్రతిదానికీ ఆ కంప్రెసర్ ఆయిలే ఒక చుక్క రాసి బిగించాలి, ఇంజనాయిల్ కాదు, గ్రీజు అసలే కాదు.

తర్వాత పైపుల్లోని గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు. కనీసం ముప్పావు గంట ఆడాలి. గేజి ముల్లు సున్నా కిందికి దిగి 29 అంగుళాల దగ్గర నిలబడుతుంది. అప్పుడు వాల్వులు మూసి, పంపు ఆపి, అరగంట ఏమీ ముట్టుకోకుండా ఉండమనండి. మీరు ముల్లునే చూస్తూ ఉండండి. అది కదలకపోతే లీకు లేదు. కొంచెం కొంచెం పైకి వస్తుంటే ఎక్కడో లీకు ఉంది, గ్యాస్ నింపితే అది కూడా పోతుంది. ఈ అరగంట ఓపిక లేని షాపులో చేయించొద్దు. కంప్రెసర్‌తోనే గాలి లాగించేస్తాను, పంపు అక్కర్లేదు అనే వాళ్లున్నారు, అక్కడి నుంచి బండి తీసుకుని వచ్చేయండి.

గ్యాస్ తూకం వేసి నింపాలి. ఇలాంటి యూనిట్‌కి కండెన్సర్, పైపుల పొడవును బట్టి 500 నుంచి 700 గ్రాముల మధ్య పడుతుంది. సైట్ గ్లాసులో (లోపలి గ్యాస్ కనపడే చిన్న అద్దం) బుడగలు పోయేదాకా నింపడం R12 రోజుల లెక్క, R134aకి అలా చేస్తే ఎక్కువైపోతుంది. ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద ఒత్తిడి పెరుగుతుంది. 1500 ఆర్‌పీఎమ్ దగ్గర లో సైడ్ (గ్యాస్ కంప్రెసర్‌లోకి వచ్చే వైపు) ప్రెషర్ 25 నుంచి 40 పీఎస్ఐ, హై సైడ్ (కంప్రెసర్ నుంచి బయటికి పోయే వైపు) మన ఎండకు 200 నుంచి 275 మధ్య ఉండాలి. 300 దాటుతుంటే కండెన్సర్‌కి గాలి చాలడం లేదు, ఫ్యాను చూడమనండి. ప్రెషర్ స్విచ్ తప్పనిసరి. గ్యాస్ పూర్తిగా పోయినా, ప్రెషర్ మితిమీరినా కంప్రెసర్‌ని ఆపేసేది అదే. డబ్బు మిగుల్తుందని దాన్ని వైరుతో కలిపేస్తే ఊరుకోకండి.

టిన్ను మీద R134a అని రాసి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. పేరు లేని సిలిండర్ నుంచి నింపబోతుంటే ఆపేయండి. చవగ్గా ఉంటుందని ఎల్‌పీజీ లాంటి గ్యాస్ కలిపి నింపేవాళ్లు ఉన్నారు. చల్లగా బాగానే వస్తుంది, అందుకే జనం మోసపోతారు. కానీ ఎవాపరేటర్ అమ్మగారి మోకాళ్ల ముందే ఉంటుంది. అక్కడ లీకైతే ఆ గ్యాస్ మూసిన క్యాబిన్‌లో నిండుతుంది, బ్లోయర్ స్విచ్‌లో ఒక్క నిప్పురవ్వ చాలు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

చివరగా ఒక చిన్న థర్మామీటరు ముల్లు యూనిట్ గాలి వచ్చే చోట గుచ్చి, అద్దాలెత్తి బండిని కరకంబాడి రోడ్డు దాకా తిప్పుకు రండి. బయట 40 ఉన్నప్పుడు రోడ్డు మీద 10, 12 డిగ్రీలు, సిగ్నల్లో ఆగినప్పుడు 15, 16 వస్తే పని బాగా కుదిరినట్టు. కొత్త కార్లలాగా వణుకు పుట్టదు, అంత ఆశ పెట్టుకోవద్దు. ఏసీ యూనిట్‌లోని థర్మోస్టాట్ స్విచ్ (ఇంజను వాల్వ్ కాదు) కంప్రెసర్‌కి కరెంటు సరిగ్గా తెంపకపోతే ఎవాపరేటర్ మీద ఐసు కట్టి గంట తర్వాత గాలి రావడం ఆగిపోతుంది, కాబట్టి ఒక్క చిన్న రౌండుతో ఒప్పుకోకుండా గంట సేపైనా తిప్పండి. టెంపరేచర్ ముల్లు మీద కూడా ఒక కన్ను వేసి ఉంచండి.

ఖర్చు మీరు అనుకున్న డెబ్బై వేలలో ఏసీకి వస్తుంది. రేడియేటర్, ఆల్టర్నేటర్, రబ్బర్లు, ఇన్సులేషన్ కలిపితే ఇంకో ఇరవై, పాతిక పైన పడుతుంది. ఒకేసారి వీలుకాకపోతే ఈ ఏడు ఆ పనులు చేయించి, ఏసీ వచ్చే మాఘమాసంలో పెట్టించండి. ఎండలు ముదిరాక వస్తే షాపుల్లో రద్దీ, వాక్యూమ్ దగ్గర అరగంట ఆగమంటే ఎవరూ ఆగరు. పుల్లీ కోసం మద్రాసు పోయేముందు నాకు ఫోటో పంపండి, మా షాపు వెనకాల పాత ఫియట్ పుల్లీలు కొన్ని ఉన్నాయి, కొలత కుదురుతుందేమో చూస్తాను.